వెలుతురుకి పట్టిన అట్ట

రాత్రి పదకొండు దాటాక సైకిల్ వచ్చి ఇంటి ముందు ఆగేది. ఆ మనిషి పిలిచేవాడు కాదు, బెల్లు కొట్టేవాడు కాదు. తలుపు మీద గోటితో రెండుసార్లు గీకేవాడు. మామ గొళ్ళెం తీయగానే క్యారియర్ మీది మూట లోపల దించి, "నాలుగ్గొట్టంగ వస్తనే. పొద్దు షిఫ్టు సురువయ్యేలోపల సాంచ మీద ఎక్కాలె" అని గొంతు తగ్గించి చెప్పి, వచ్చిన దారినే పోయేవాడు.

1984 శ్రావణం. షోలాపూర్, సాఖర్ పేట. నాకు పదేళ్ళు.

మూట విప్పితే లోపల జాకార్డు అట్టలు. అరచెయ్యి వెడల్పున, మూరెడు లోపు పొడవున, ఒకదానికొకటి దారంతో కుట్టిన దండ. ఆ రాత్రి వచ్చింది 120 హుక్కుల జాకార్డుకి కట్టిన చాదరు అంచు. మొత్తం 96 అట్టలు. ప్రతి అట్ట మూలన పెన్సిలుతో వేసిన నెంబరు. మామ ముందు కుట్టు విప్పేవాడు. ఇనప పలక మీద కొత్త అట్ట పెట్టి, దాని మీద పాత అట్ట కదలకుండా బిగించి, పాతదానిలో చిల్లు ఉన్న ప్రతిచోటా పంచ్ దింపి సుత్తితో కొట్టేవాడు. చప్పుడు వీధిలోకి పోకుండా పలక కింద నాలుగు మడతల చాదరు. పక్కనే అత్త చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుట్టేది. ఆమెకి పొద్దుటికి వెయ్యి కావాలి, మామకి 96 కావాలి. ఒక్క దీపం కింద రెండు లెక్కలు.

నా పని చివర్లో. పాత అట్ట, కొత్త అట్ట జత చేసి దీపానికి ఎదురుగా పట్టాలి. చిల్లులన్నీ కలిస్తే అన్నిట్లోంచీ వెలుతురు వస్తుంది. ఎక్కడైనా నల్లగా కనబడితే అక్కడ మామ కొట్టడం మరిచాడన్నమాట.

"మంచిగ సూడు అల్లుడా. ఒక్క చిల్లు తప్పితే ఒక్క దారం తప్పుతది. ఒక్క దారం తప్పితే నెమలికి కన్ను పోతది."

కొట్టగా రాలిన గుండ్రటి కాగితం ముక్కలు అత్త చాటలో పడి తునికాకు మీద అంటుకునేవి. ఆమె విసుక్కుంటూ ఊదేది. నేను వాటిని సంచీలో పోగేసేవాణ్ణి. శ్రావణ పున్నమి నాడు మార్కండేయుడి రథం వీధిలోకి వచ్చినప్పుడు మా పిల్లలందరం పూలతో పాటు వాటిని చల్లేవాళ్ళం. ఎవరి డిజైన్ల చిల్లులో ఎవరికి తెలుసు.

ఇది మా ఇంట్లో జరిగిన కథ. బతికున్నవాళ్ళూ పోయినవాళ్ళూ ఇందులో ఉన్నారు. పేర్లు రాయొద్దని మా వాళ్ళు అడిగారు, అందుకని బంధుత్వాలతోనే చెబుతాను.

మా ముత్తాతలది కరీంనగర్ వైపు. నల్గొండ, పాలమూరు, వరంగల్ ఊళ్ళ నుంచి కూడా కరువు కాలాల్లో, పని లేని కాలాల్లో పద్మశాలి కుటుంబాలు బండ్లు కట్టుకుని షోలాపూర్ వచ్చాయి. 1870లలో ఇక్కడ మొదటి బట్టల మిల్లు లేచింది. ఊరంతా దాన్ని జూనీ మిల్లు అంది. మిల్లులు తర్వాత ఒక్కొక్కటే మూతపడ్డాయి కానీ చెయ్యిమగ్గం పోయి కరెంటు సాంచ వచ్చి ఇంటింటా కార్ఖానా అయింది. బడిలో తెలుగు, బజార్లో మరాఠీ, పక్కింట్లో కన్నడం. మొగవాళ్ళు సాంచల మీద, ఆడవాళ్ళు బీడీల మీద. షోలాపూర్ చాదరు అనే మాట దేశం నలుమూలలా పాకిందంటే దాని వెనక ఉన్నవి ఈ ఇరుకు వీధులు.

ఆ చాదరుకి ప్రాణం రంగులో లేదు, నూలులో లేదు. అట్టలో ఉంది. చిల్లు ఉన్నచోట సూది లోపలికి పోతుంది, దాని హుక్కు దారాన్ని పైకి లేపుతుంది. చిల్లు లేనిచోట అట్ట సూదిని నెట్టేస్తుంది, దారం కిందే ఉండిపోతుంది. లేచేదా, పడి ఉండేదా. ఒక్కో అట్టకీ ఒక్కో పేక. ఇంతే లెక్క. ఈ లెక్కలోంచే నెమలి పింఛం విప్పుతుంది. ఇవాళ కంప్యూటర్ ప్రోగ్రాం అని దేన్ని అంటున్నామో దాన్ని మా మామ సుత్తితో కొట్టేవాడు. ఇది నేను మామ మీద ప్రేమతో అంటున్న మాట కాదు. చార్లెస్ బాబేజ్ తన గణన యంత్రానికి చిల్లుల అట్టలు తీసుకున్నది జాకార్డు మగ్గం నుంచే. 24,000 అట్టలతో పట్టు మీద నేసిన జాకార్డు చిత్తరువు ఒకటి ఆయన దగ్గర ఉండేది. మగ్గం పూలూ ఆకులూ నేసినట్టే ఈ యంత్రం బీజగణితాన్ని నేస్తుందని ఏడా లవ్‌లేస్ 1843లోనే రాసింది.

ఆ అంచు నెమలి వారం తిరక్కుండా నాలుగు కార్ఖానాల్లో దిగింది. మామకి ముట్టింది రాత్రికి ఇరవై రూపాయలు.

ఆ తర్వాత ఒక ఆదివారం పొద్దున ఒక పెద్దాయన మా ఇంటికి వచ్చాడు. భవానీ పేటలో ఉండేవాడు. తెల్ల ధోవతి, తలకి టోపీ, జేబులో రెండు సన్న కుంచెలు. ఊళ్ళో గ్రాఫ్ కాగితం మీద నక్షా గీసేవాళ్ళలో ఆయన తర్వాతే ఎవరైనా. గడి గడికీ కుంచె ముంచి ఎర్ర రంగు నింపితే ఒక్క డిజైనుకి ఇరవై రోజులు పట్టేది. ఆయన్ని చూడగానే మామ లేచి నిలబడ్డాడు. అత్త నీళ్ళిచ్చింది. పెద్దాయన చెంబు కింద పెట్టి, భుజం మీది చాదరు తీసి నేల మీద పరిచాడు. బజార్లో కొన్న చాదరు.

"నెమలి ఎడమ కాలు సూడు."

మామ వంగాడు.

"మూడు గోర్లకు రెండే ఉన్నయి. మూడోది నేను కావాలనే ఎయ్యలే. నా నెమళ్ళన్నిటికీ గంతే. నాది అని నాకెర్క కావాలె గద. గీ చాదరు నేను గీసిచ్చిన శేఠ్ నేసింది కాదు. గీనికి గూడ రెండే గోర్లు."

మామ మాట్లాడలేదు. పెద్దాయన గొంతు పెంచలేదు.

"నీ చెయ్యి మంచిది. ఒక్క చిల్లు తప్పు పోలే. నా ఇరవై దినాలు నీకు ఒక్క రాత్రి. ఇగ నన్ను ఎవరు గీయమంటరు?"

చాదరు అక్కడే వదిలేసి వెళ్ళిపోయాడు. దాన్ని అత్త ఎవరినీ కప్పుకోనివ్వలేదు. మడిచి ట్రంకు పెట్టెలో పెట్టింది.

ఆయన అడిగిన ప్రశ్న షోలాపూర్ మొత్తాన్ని అడిగిందే అని నాకు పెద్దయ్యాక అర్థమైంది. రాత్రిపూట అట్టలు తిరగడం వల్ల వందల సాంచలు నడిచాయి, నిజం. కొత్త నక్షా కొనలేని చిన్న కార్ఖానాదారు కూడా నాలుగు మెతుకులు తిన్నాడు, అదీ నిజం. కానీ అందరి చాదరూ ఒకేలా అయ్యేసరికి పోటీ ధర మీదే మిగిలింది. ధర తగ్గాలంటే నూలు పలచనవ్వాలి, లేదా నేసేవాడి కూలి పలచనవ్వాలి. నా కళ్ళ ముందు రెండూ అయ్యాయి. గీసేవాళ్ళ పిల్లలు గీత మానేశారు. ఆ పెద్దాయన కొడుకు రైల్వేలో చేరాడు.

జాకార్డు మగ్గం కథలోనే ఈ ముడి ఉంది. ఫ్రాన్స్‌లో లియోన్ అనే పట్టు నేత ఊరు. జోసెఫ్ మారీ జాకార్డ్ 1804లో తన యంత్రం చూపించాడు. అదీ మొత్తం ఆయన బుర్రలోంచి పుట్టలేదు. చిల్లుల కాగితం 1725లో బూషోన్ పెట్టాడు. దాన్ని అట్టలుగా దండ కట్టింది ఫాల్కన్. ఆ తర్వాత వోకాన్సన్ ఒక మగ్గం చేశాడు. ముగ్గురి పని మీద నాలుగోవాడు నిలబడ్డాడు. నెపోలియన్ ప్రభుత్వం ఆ యంత్రాన్ని అందరి సొత్తుగా ప్రకటించింది. ఎవరైనా చేసుకోవచ్చు, ఎవరైనా నేసుకోవచ్చు. అలాగని జాకార్డ్‌ని వట్టి చేతులతో పంపలేదు. ఏడాదికి 3,000 ఫ్రాంకుల పింఛను, కొన్నేళ్ళ పాటు నడిచే ప్రతి మగ్గం మీదా 50 ఫ్రాంకులు. 1812 నాటికి ఫ్రాన్స్‌లో 11,000 జాకార్డు మగ్గాలు ఉన్నాయి. విద్య ఊరందరిదీ అయింది, విద్య ఇచ్చినవాడి పొయ్యి కూడా వెలిగింది. మా పెద్దాయన విషయంలో మొదటిది జరిగింది, రెండోది జరగలేదు. నా కడుపులో ఇప్పటికీ మండేది అక్కడే.

మామ కొడుకు, మా బావ, కంప్యూటర్ నేర్చుకున్నాడు. 2006లో అశోక్ చౌక్ దగ్గర మెట్ల కింద గది అద్దెకి తీసుకుని డిజైన్ దుకాణం పెట్టాడు. అప్పటికి అట్టలు పోతున్నాయి. ఎలక్ట్రానిక్ జాకార్డు వచ్చింది. దానికి అట్ట అక్కర్లేదు, ఫైలు చాలు. గ్రాఫ్ కాగితం బదులు తెర, కుంచె బదులు మౌసు. గీసిన బొమ్మని సాంచకి అర్థమయ్యే ఫైలుగా మార్చే సాఫ్ట్‌వేర్ ఉంటుంది. కంపెనీ దగ్గర కొంటే ధర లక్షల్లో. దానితో పాటు ఒక చిన్న తాళం లాంటి ముక్క ఇస్తారు, కంప్యూటర్ వెనక గుచ్చితేనే సాఫ్ట్‌వేర్ తెరుచుకుంటుంది.

బావ దగ్గర ఆ ముక్క లేదు. ఒక సీడీ ఉంది. ముంబై నుంచి ఎవరో తెచ్చింది. తాళం ఉందనుకుని సాఫ్ట్‌వేర్ భ్రమపడేలా అందులో ఏదో చేశారు. సీడీ మీద పెన్నుతో రాసిన పేరు, అంతే. ఆ వీధిలో ఉన్న డిజైన్ దుకాణాల్లో ఆ సీడీ కాపీ లేని దుకాణం నాకు కనబడలేదు.

"తప్పు కాదా బావా?" అని అడిగాను. అప్పుడు నేను బడిలో లెక్కలు చెబుతున్నాను.

"కంపెనోళ్ళకు ఏం పోతదిరా? వాళ్ళ దగ్గరున్నది వాళ్ళ దగ్గరే ఉన్నది. నేను కొనేటోణ్ణైతే గద వాళ్ళకు నష్టం. నాకాడ పైసల్లేవు, నేను ఎట్లైనా కొనకపోదు."

ఈ వాదం బావ కనిపెట్టింది కాదు. 1975లో అమెరికాలో బిల్ గేట్స్, పాల్ అలెన్ ఆల్టెయిర్ అనే చిన్న కంప్యూటర్ కోసం బేసిక్ అనే ప్రోగ్రాం రాశారు. పాలో ఆల్టోలో ఒక హోటల్లో దాన్ని చూపిస్తున్నప్పుడు ఆ ప్రోగ్రాం ఉన్న టేపు ఒకటి చేతులు మారింది. డాన్ సోకల్ అనే ఇంజనీరు దానికి పదుల కొద్దీ కాపీలు తీసి కంప్యూటర్ సరదా ఉన్నవాళ్ళ సంఘంలో పంచిపెట్టాడు. ఒకటి తీసుకున్నవాళ్ళు రెండు తెచ్చివ్వాలన్నది షరతు. ఆ టేపు దేనితో చేసిందంటే కాగితంతో. కాగితం మీద చిల్లులు. మా సాఖర్ పేట ముందుగదిలో జరిగిందీ అక్కడ జరిగిందీ అక్షరాలా ఒకే పని. 1976 ఫిబ్రవరి 3న గేట్స్ ఒక బహిరంగ లేఖ రాశాడు. ఆల్టెయిర్ ఉన్నవాళ్ళలో పదోవంతు మంది కూడా బేసిక్ కొనలేదు, మేము పెట్టిన గంటలకి లెక్క కడితే గంటకి రెండు డాలర్లు కూడా గిట్టలేదు, ఇలాగైతే మంచి సాఫ్ట్‌వేర్ ఎవడు రాస్తాడు అని అందులో వాదించాడు. ఆ లేఖ చదివినప్పుడు నాకు కనబడింది గేట్స్ కాదు. చెంబు కింద పెట్టి "ఇగ నన్ను ఎవరు గీయమంటరు" అన్న పెద్దాయన. గేట్స్ తర్వాత ప్రపంచంలోకెల్లా ధనవంతుడయ్యాడు కదా అని ఆ ప్రశ్న అబద్ధం అయిపోదు.

2010 వేసవిలో బావ ఒక డిజైన్ వేశాడు. రెండు నెలలు కూర్చున్నాడు. నడుమ విప్పిన పింఛం, చుట్టూ గుత్తులు, అంచంతా నడిచే నెమళ్ళు. ఒక కార్ఖానాదారు కొన్నాడు. చాదరు బజార్లోకి వచ్చిన నెలలోపే అదే డిజైన్ ఇంకో ముగ్గురి దుకాణాల్లో వేలాడింది. ఫైలు పెన్‌డ్రైవులో పోయింది. ఈసారి సుత్తి లేదు, రాత్రి లేదు, దీపం లేదు. రెండు నిమిషాల పని.

బావ అన్నం మానేశాడు. నన్ను వెంటబెట్టుకుని వకీలు దగ్గరికి వెళ్ళాడు. ఆయనా మా కులపాయనే, సాదాగా తెలుగులోనే చెప్పాడు.

"తమ్మీ, డిజైన్ రిజిస్టర్ చేయించినవా?"

"లేదన్నా."

"చాదర్లు ఎన్ని నేసిండ్రు?"

"వెయ్యి దాటినయి."

వకీలు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 15 తెరిచి చూపించాడు. డిజైన్ల చట్టం కింద రిజిస్టర్ చేసుకోగలిగిన డిజైన్‌ని రిజిస్టర్ చేయకుండా, సొంతదారు తనైనా తన అనుమతితోనైనా యంత్రాల మీద యాభై సార్లకి మించి తయారు చేస్తే దాని మీద కాపీరైట్ ఉండదు. గుడ్డల డిజైన్ల మీదే ఢిల్లీ హైకోర్టు అంతకుముందు ఏడాదే, 2009లో, మైక్రోఫైబర్స్ కేసులో ఇదే తేల్చింది. పోనీ ఇప్పుడు రిజిస్టర్ చేయిద్దామా అంటే డిజైన్ కొత్తదై ఉండాలి, బయటికి వచ్చి ఉండకూడదు. చాదరు నేయకముందే కోల్‌కతాలోని డిజైన్ల ఆఫీసుకి దరఖాస్తు పోవాలి. అప్పుడు పదేళ్ళు, ఆపైన ఇంకో అయిదేళ్ళు హక్కు.

యాభై. మా ఊళ్ళో యాభై చాదర్లు ఎంతసేపు?

"మరి మన చాదరుకి ప్రభుత్వం గుర్తింపు వచ్చిందని పేపర్లో రాసిండ్రు గదన్నా?"

వచ్చింది. భౌగోళిక గుర్తింపు చట్టం 1999లో చేశారు, 2003లో అమల్లోకి వచ్చింది. 2005-06లో షోలాపూర్ చాదరూ, షోలాపూర్ టెర్రీ టవలూ ఆ రిజిస్టర్‌లోకి ఎక్కాయి. మనవైపు పోచంపల్లి ఇక్కత్ అంతకు కాస్త ముందే ఎక్కింది. కానీ అది కాపాడేది పేరుని. వేరే ఊళ్ళో నేసిన దుప్పటి మీద షోలాపూర్ అని రాసి అమ్మితే నేరం, ఆర్నెల్ల నుంచి మూడేళ్ళ దాకా జైలు. షోలాపూర్‌లోనే ఒకడి నెమలిని ఇంకొకడు నేసుకుంటే ఆ చట్టానికి పట్టదు.

ఆ పేరు దొంగతనం ఎలా ఉంటుందో నేను చూశాను. ఒక యాత్రాస్థలంలో గుడి బయట దుకాణంలో షోలాపూర్ చాదరు అని బోర్డు. ముట్టుకుంటే చెయ్యి జారుతోంది. నూలు కాదు, పాలిస్టర్. వేళ్ళ మధ్య నలిపితే నూలు చాదరు ముడతపడి చేతి వేడి పట్టుకుంటుంది, అది జారిపోయింది. కొంటున్న ముసలమ్మకి చెప్పాను. ఆమె నన్ను అనుమానంగా చూసి అదే కొనుక్కుంది. సగం ధరకి వస్తోంది మరి.

వకీలు కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. "ఇంకొక్కటి అడుగుత. కోర్టుల అవతలోడు గూడ అడుగుతడు. గీ డిజైన్ నువ్వు దేని మీద గీసినవ్?"

బావ సాఫ్ట్‌వేర్ పేరు చెప్పాడు.

"బిల్లు ఉన్నదా?"

బావ నా మొహం చూశాడు. కంప్యూటర్ ప్రోగ్రాం దొంగ కాపీ అని తెలిసీ వాడితే సెక్షన్ 63బి. కనీసం ఏడు రోజుల జైలు, మూడేళ్ళ దాకా పోవచ్చు. జరిమానా యాభై వేల నుంచి రెండు లక్షలు. వ్యాపారానికి వాడలేదని తేలితే కోర్టు జైలు మాఫీ చేయొచ్చు. బావది వ్యాపారమే.

"ఫీజు వద్దు తమ్మీ. పో, ఇంటికి పోయి అన్నం తిను."

ఇంటికొచ్చాక బావ చాదరుని నడిగదిలో విసిరికొట్టాడు. "నా రెండు నెలలు దోసుకున్నరు నాయ్నా. నా నెమలి అది."

మామ అప్పటికి డెబ్బై దగ్గర. చూపు మందగించింది. చాదరు దగ్గరికి లాక్కుని అంచు మీద వేలితో తడుముతూ పోయాడు. ఒకచోట ఆగాడు.

"అల్లుడా, గీ ఎడమ కాలికి గోర్లు ఎన్నున్నయో లెక్కపెట్టు."

రెండు.

అత్తకి చెప్పనక్కర్లేకపోయింది. ఆమె ట్రంకు పెట్టె తెరిచింది. పాతికేళ్ళుగా ఎవరూ కప్పుకోని చాదరు బయటికి వచ్చింది. మామ రెండిటినీ పక్కపక్కన పరిచాడు. పింఛం బావదే. గుత్తులు బావవే. కానీ నడిచే నెమలి కాళ్ళు, మెడ వంపు, ముక్కు కింద మూడు గడుల నీడ, అవన్నీ ముందు నుంచీ ఉన్నవే. బావ అబద్ధం ఆడలేదు. చిన్నప్పుడు మామ కొట్టిన అట్టల పక్కన కూర్చుని, వాటిని గ్రాఫ్ కాగితం మీదికి ఎక్కిస్తూ గీత నేర్చుకున్నాడు. ఆ నెమలి అతని చేతిలోకి ఎక్కిపోయింది. ఎవరిదో అడగాలని ఎప్పుడూ తోచలేదు.

"నేను దెచ్చిన అప్పురా ఇది," అన్నాడు మామ. "నీ దగ్గర మిగిలింది."

ఆ రాత్రి బావ సీడీ విరిచేశాడని రాస్తే కథకి బాగుంటుంది. విరవలేదు. ఆర్డర్లు ఉన్నాయి, అద్దె ఉంది. ఇంకో ఏడు నెలలు దాని మీదే పనిచేశాడు. ఆ ఏడు నెలలూ రాత్రిళ్ళు ఇంకొకటి నేర్చుకున్నాడు. గింప్ అనే బొమ్మల సాఫ్ట్‌వేర్. కాలిఫోర్నియాలో బర్క్‌లీ విశ్వవిద్యాలయం విద్యార్థులు ఇద్దరు, స్పెన్సర్ కింబాల్, పీటర్ మాటిస్, 1995లో మొదలుపెట్టింది. దుప్పట్ల కోసం చేసింది కాదు. కానీ రంగుల సంఖ్య కుదించి, గీతల గడులు పెట్టుకుంటే తెర మీద గ్రాఫ్ కాగితం తయారు. ఒక చుక్క ఒక గడి. ఒక గడి ఒక దారం లేవడమో పడడమో. బొమ్మ అందులో గీసి, సాంచ ఫైలుగా మార్చడానికి మాత్రం కొనుక్కున్న లైసెన్సు ఉన్న దుకాణానికి వెళ్ళి ఫైలుకి ఇంత అని కట్టడం మొదలుపెట్టాడు. మొదట్లో పని సగానికి పడిపోయింది. అత్త బీడీల డబ్బుతో నెల గడిచిన సందర్భాలున్నాయి. ఏడాదిన్నరకి దారిన పడింది. తర్వాత ఇద్దరు ముగ్గురు కలిసి వాయిదాల మీద ఆ సాఫ్ట్‌వేర్ ఒకటి కొన్నారు, తాళం ముక్కతో సహా.

గింప్ ఎందుకు కాపీ చేసుకోవచ్చు, ఆ సీడీ ఎందుకు చేసుకోకూడదు అని మామ అడిగాడు. బావ చెప్పిన జవాబు నేను విన్న వాటిలోకెల్లా సూటిగా ఉంది. "నాయ్నా, నక్షా వేరు, అట్ట వేరు గద. అట్ట ఉంటే నేయొచ్చు. మార్చాలంటే నక్షా కావాలె. పైసలు తీసుకునే కంపెనీ మనకు అట్ట ఇస్తది, అదీ కిరాయికి. నక్షా తన పెట్టెలనే ఉంటది. గీ గింపోళ్ళు నక్షా, అట్ట రెండూ ఇస్తరు. నేసుకో, మార్చుకో, అమ్ముకో, ఎవరికైనా ఇయ్యి. ఒక్కటే షరతు. మార్చి బయటికి ఇస్తే నీ నక్షా గూడ ఇయ్యాలె."

ఆ షరతు రాసింది రిచర్డ్ స్టాల్‌మన్. ఆయన పనిచేసే చోట జిరాక్స్ కంపెనీ ప్రింటర్‌లో కాగితం ఇరుక్కునేది. ఇరుక్కుంటే అందరికీ కబురు పోయేలా సరిచేద్దామంటే ఆ ప్రోగ్రాం నక్షా ఇవ్వం అన్నారు. అక్కడ రేగిన పట్టుదల 1983లో గ్నూ ఉద్యమమైంది, 1989లో జీపీఎల్ అనే లైసెన్సు అయింది. కాపీరైట్ చట్టాన్ని కాదనలేదాయన. ఆ చట్టం ఇచ్చిన హక్కుతోనే, అందరికీ తెరిచి ఉంచాలి అనే షరతు పెట్టాడు. లైసెన్సు లేకుండా ఎత్తుకొచ్చిన సీడీకీ లైసెన్సుతో పంచిపెట్టిన ప్రోగ్రాంకీ తేడా ధరలో లేదు, ఇచ్చినవాడి అనుమతిలో ఉంది. ఇంగ్లీషులో ఉచితానికీ స్వేచ్ఛకీ ఒకటే మాట కావడంతో వాళ్ళు ఎప్పుడూ వివరించుకోవాల్సి వస్తుంది. మనకా బాధ లేదు. హైదరాబాద్‌లో ఈ పని ఎత్తుకున్నవాళ్ళు తమ సంస్థకి స్వేచ్ఛ అనే పేరు పెట్టుకున్నారు. నేను ఈ కథ కొడుతున్న మండలి ఫాంట్ కూడా సిలికానాంధ్ర అనే సంస్థ అలా తెరిచి ఇచ్చిందే. ఒకప్పుడు మా వీధిలో పెళ్ళి కార్డులన్నీ దొంగ ఫాంట్లతో అచ్చయ్యేవి, ఇప్పుడు ఆ అవసరం లేదు.

2012లో బావ తన నెమలి డిజైన్ నక్షా ఫైలుని బయట పెట్టేశాడు. క్రియేటివ్ కామన్స్ వాళ్ళ లైసెన్సు కింద, తెలుగులో మరాఠీలో రెండేసి వాక్యాలు రాసి. నేయొచ్చు, మార్చొచ్చు, అమ్మొచ్చు. గీసినవాళ్ళ పేర్లు చెప్పాలి, మార్చింది కూడా ఇదే షరతు మీద ఇవ్వాలి. కింద రెండు పేర్లు పెట్టాడు. మొదటిది భవానీ పేట పెద్దాయనది. ఆయన అప్పటికి లేడు. రైల్వేలో ఉన్న కొడుకు ఇంటికి నేనూ బావా వెళ్ళి కాగితం చూపించి అడిగాం. ఆయన చాలాసేపు చదివాడు. "మా నాయ్న పేరు సాంచ కాడ ఎవరన్న పలుకుతరంటే గంతకన్న నాకేం కావాలె" అన్నాడు. మామ లోపలికి రాలేదు, గేటు దగ్గరే నిలబడ్డాడు. ఆ కొడుకే బయటికి వచ్చి ఆయన చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి కూర్చోబెట్టాడు.

చాలామంది నేశారు. పేర్లు చెప్పినవాళ్ళు తక్కువ. మార్చి తిరిగి పంపినవాడు రెండేళ్ళలో ఒక్కడు. ఇచల్‌కరంజిలో సాంచలున్న కుర్రాడు. రెండు చీటీల మరాఠీ ఉత్తరంతో ఫైలు పంపాడు. అంచు వెడల్పు టవలుకి సరిపోయేలా తగ్గించాడు, పింఛంలో ఒక వరస తీసేశాడు. చివర్లో ఒక మాట రాశాడు: మీ నెమలి ఎడమ కాలికి ఒక గోరు తప్పిపోయింది, సరిచేశాను.

మామకి తెర మీద కనబడదు. బావ దాన్ని పెద్ద గడులుగా నాలుగు కాగితాల మీద ప్రింటు తీసి అతికించాడు. మామ కిటికీ దగ్గరికి జరిగి, కాగితం ఎత్తి ఎండకి ఎదురుగా పట్టాడు. ఆ అలవాటు పోలేదు. భూతద్దం పెట్టి గడి గడి దాటుకుంటూ కాలి దగ్గరికి వచ్చాడు.

"గీ పోరగాడు మంచోడు. పని ఎర్క ఉన్నది," అన్నాడు. తర్వాత మూడో గోరు మీద వేలు పెట్టాడు. "గిది తియ్యి. ఎందుకు తీసినమో వానికి ఉత్తరం రాయి."

బావ కంప్యూటర్ ముందు కూర్చుని ఆ నాలుగు గడులూ చెరిపాడు. నేను ఉత్తరం రాయడం మొదలుపెట్టాను.